తెల్లవారుజాము మూడింటికి ఫోనును లేపేదెవరు?

రొయ్యల గుంటకు గండం పగలు రాదు. పగలంతా నీళ్లలోని సన్న నాచు ఎండ తాగి ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు గుంట నిండుగా ఉంటుంది. పొద్దు గుంకగానే ఆ తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. రొయ్యలు పీలుస్తాయి, నాచూ పీలుస్తుంది, అడుగున పేరుకున్న మేతను, మలినాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా కూడా పీలుస్తుంది. రాత్రంతా తరిగి తరిగి, తెల్లవారబోయే ముందు ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. లీటరు నీటిలో 4, 5 మిల్లీగ్రాములుంటే వనామీ రొయ్యకు ఇబ్బంది లేదు. 3 కన్నా దిగితే మేత ముట్టదు. ఇంకా దిగితే గట్ల వెంబడి పైకి తేలుతుంది. ఆ వేళకు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరగకపోతే నెలల పెట్టుబడి పూటలో పోతుంది.

అందుకే నెల్లూరు జిల్లాలోని విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో గుంటలున్నవాళ్ల ఇళ్లలో రాత్రి రెండుకో మూడుకో ఫోన్లు మోగుతాయి. కాస్త తూర్పుగా, సముద్రం ఒడ్డున ఉన్న పట్టపుపాళేలలో వేటకు పోయేవాళ్ల ఫోన్లూ దాదాపు అదే వేళకు మోగుతాయి. పొద్దు పొడిచేలోపు వల వేయాలంటే అంతకుముందే బోటు అలలు దాటాలి. అలారం అంటే బద్ధకం వదిలించే సాధనమని పట్నంలో అనుకుంటాం. ఈ తీరంలో అది పనిముట్టు, వలలాగే, నీటిలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరులాగే.

అయితే ఆ మోగే ఫోను అప్పటిదాకా ఏం చేస్తోంది? అదీ నిద్రపోతోంది. మాట వరసకు కాదు, నిజంగానే. దాని ప్రాసెసర్‌కు కరెంటు దాదాపుగా ఆగిపోయి ఉంటుంది. ఎంత సేపు గడిచిందో లెక్కపెట్టే ప్రోగ్రాములతో సహా అన్నీ మధ్యలో ఆగి ఉంటాయి. తనే నిద్రలో ఉన్న వస్తువు, సరిగ్గా మూడింటికి లేచి, మనల్ని ఎలా లేపుతుంది?

ముందు ‘ఆఫ్’ అనే మాటను విడదీయాలి. చేతిలో పట్టుకునే కంప్యూటర్లలో, అంటే ఫోన్లు, ట్యాబ్లు, రేషన్ డీలరు దగ్గరుండే ఈ-పోస్ మిషన్ల లాంటి వాటిలో, ఆరిపోవడం కనీసం మూడు రకాలు. మొదటిది తెర ఆరడం. లోపల పాట నడుస్తూనే ఉంటుంది, ప్రాసెసర్ సెకనులో వెయ్యో వంతు కునుకు తీస్తూ లేస్తూ ఉంటుంది. రెండోది సస్పెండ్. మీరు ఫోను పక్కన పెట్టిన కాసేపటికి, చేసే పనేమీ లేదని తేలాక, సిస్టమ్ తనంతట తాను ఈ స్థితిలోకి జారుతుంది. ప్రోగ్రాములన్నిటినీ ఎక్కడివక్కడ బిగించేసి, తెర, కెమెరా, స్పీకరు లాంటి భాగాలను ఒక్కొక్కటిగా పడుకోబెట్టి, చివరికి ప్రాసెసర్ కూడా పడుకుంటుంది. మూడోది స్విచాఫ్. మీరు బటన్ నొక్కి పట్టుకుని, అడిగిన ప్రశ్నకు ఔనని చెబితేనే అది జరుగుతుంది.

సస్పెండ్‌కూ స్విచాఫ్‌కూ అసలు తేడా మెమరీలో ఉంది. ఫోనులోని ర్యామ్ చిన్న చిన్న విద్యుదావేశాల రూపంలో సమాచారాన్ని దాచుకుంటుంది. ఆ ఆవేశం కారిపోతూ ఉంటుంది. మామూలుగా 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా ప్రతి గడినీ చదివి మళ్లీ నింపకపోతే అందులో ఉన్నది చెరిగిపోతుంది. సస్పెండ్‌లో ప్రాసెసర్ పడుకునే ముందు ఆ పనిని ర్యామ్ చిప్‌కే అప్పగిస్తుంది. చిప్ తనను తాను నింపుకుంటూ కొద్దిపాటి కరెంటుతో రాత్రంతా నెట్టుకొస్తుంది. లేచీ లేవగానే అన్నీ వదిలినచోటే ఉంటాయి. స్విచాఫ్ చేస్తే ఆ కాస్త కరెంటూ ఆగిపోతుంది, ర్యామ్ ఖాళీ అయిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే సిస్టమ్ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టుకోవాలి.

ఒకప్పటి చేతి కంప్యూటర్లలో ఈ రెండో రకమే ఉండేది, మూడోది దాదాపు లేదు. 1996లో వచ్చిన పామ్ పైలట్‌లో ఫైళ్లు కూడా ర్యామ్‌లోనే ఉండేవి. పవర్ బటన్ నొక్కితే జరిగేది సస్పెండే. బ్యాటరీలు పూర్తిగా అడుగంటితే అడ్రసులూ లెక్కలూ అన్నీ గల్లంతు. మన పక్కనే బెంగళూరులో ఐఐఎస్‌సీ ఆచార్యులు మొదలుపెట్టిన సింప్యూటర్ కూడా ఆ తరానిదే. లినక్స్‌తో, 206 మెగాహెర్ట్జ్ స్ట్రాంగ్ ఆర్మ్ ప్రాసెసర్‌తో నడిచేది. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు అమిడా పేరుతో దాన్ని తయారు చేశారు. పల్లెటూరి మనిషికి కంప్యూటర్ అందించాలన్న ఆశ సింప్యూటర్‌తో తీరలేదు, చవక ఫోనుతో తీరింది. కానీ అది వాడిన స్ట్రాంగ్ ఆర్మ్ చిప్‌లోనే ఈ వ్యాసానికి కావలసిన కిటుకు ఉంది. ఆ చిప్ మొత్తం పడుకున్నా అందులో ఒక మూల మాత్రం పడుకోదు. అక్కడ సెకన్లు లెక్కపెట్టే ఒక రిజిస్టరు, ‘ఈ అంకె రాగానే లేపు’ అని రాసి పెట్టుకునే మరో రిజిస్టరు ఉంటాయి. రెండింట్లో అంకెలు కలవగానే ఒక సంకేతం వెళుతుంది, చిప్ లేస్తుంది. ఇరవై ఏళ్లలో ఫోన్లు ఎంతో మారాయి. ఈ ఏర్పాటు మాత్రం పేరు కూడా మారకుండా అలాగే ఉంది: రియల్ టైమ్ క్లాక్, పొట్టిగా ఆర్‌టీసీ.

గుంటల మీద గుడిసెలో పడుకునే కాపలా మనిషిని తలుచుకోండి. ఆసామి ఇంటికి పోతూ ‘మూడింటికి లేపు’ అని చెప్పి పోతాడు. కాపలా మనిషికి మేత లెక్క తెలియక్కర్లేదు, డీఓ చూడటం రాకపోయినా పర్లేదు. మెలకువగా ఉండటం, వేళ తెలుసుకోవడం, తలుపు తట్టడం వస్తే చాలు. ఆర్‌టీసీ ఉద్యోగం సరిగ్గా అంతే. ఈ రోజుల్లో అది ఎక్కువ ఫోన్లలో ప్రధాన ప్రాసెసర్‌లో కాకుండా, బ్యాటరీ నుంచి కరెంటు పంచిపెట్టే చిప్‌లో ఉంటుంది. ఫోను స్విచాఫ్ అయినా బ్యాటరీలో ప్రాణం ఉన్నంతవరకు ఆ చిప్ మూడు విషయాలను కనిపెట్టుకుని ఉంటుంది: పవర్ బటన్ నొక్కారా, చార్జర్ పెట్టారా, అలారం వేళ అయిందా.

దానికి వేళ తెలిసేది ఒక క్వార్ట్జ్ ముక్క వల్ల. రెండు కొమ్ముల ఆకారంలో కోసిన సన్నని స్ఫటికం అది. కరెంటు తగిలితే సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకె వింతగా కనిపిస్తుంది గాని దాన్ని సగం చేస్తూ పొండి: 16,384, 8,192, 4,096… పదిహేనోసారికి సరిగ్గా 1 మిగులుతుంది. అంటే సగం చేసే చిన్న సర్క్యూట్లు పదిహేను వరసగా పెడితే చివర్లో సెకనుకొక టిక్కు బయటికొస్తుంది. అంతకన్నా వేగంగా కంపించే స్ఫటికాలు ఇంకా కచ్చితంగా ఉంటాయి గాని కరెంటు ఎక్కువ తాగుతాయి. మెల్లగా కంపించేవి పెద్దవైపోతాయి. చేతి గడియారాల వాళ్లు కుదుర్చుకున్న ఈ రాజీనే ఫోన్లవాళ్లూ తీసుకున్నారు. విడిగా అమ్మే ఆర్‌టీసీ చిప్‌లలో మైక్రోఆంపియర్ కన్నా తక్కువతో నడిచేవున్నాయి. ఫోను తెర వెలిగితే తాగే కరెంటుతో పోలిస్తే అది లక్షో వంతు కూడా కాదు.

ఈ స్ఫటికానికి ఒక బలహీనత ఉంది, మన ఎండలకు అది బయటపడుతుంది. దాన్ని 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు. వేడెక్కినా చల్లబడినా, రెండు వైపులా అది నెమ్మదిస్తుందే తప్ప వేగం పుంజుకోదు. నెమ్మదించడం కూడా తేడా వర్గం లెక్కన పెరుగుతుంది. మే నెలలో గట్టు మీద మోటారు పెట్టెలో పెట్టిన ఫోను 45 డిగ్రీలకు చేరిందనుకోండి. తేడా 20 డిగ్రీలు, దాని వర్గం 400, స్ఫటికం గుణకం 0.034 తో హెచ్చిస్తే పది లక్షలకు సుమారు 13.6 వంతులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి ఆ వేడి అలాగే నిలిస్తే గడియారం రోజుకు 1.2 సెకన్లు వెనకబడుతుంది. రొయ్యలకు ఆ సెకను లెక్కలోకి రాదు. ఫోనుకు సిగ్నల్ అందినప్పుడల్లా టవర్ నుంచో ఇంటర్నెట్ నుంచో ఉపగ్రహాల నుంచో వేళ సరిచూసుకుంటుంది కూడా. నెలల తరబడి సిమ్ లేకుండా మూలపడిన ఫోనులో గడియారం నిమిషాల్లో తేడా చూపడానికి కారణాల్లో ఇదొకటి.

ఆర్‌టీసీకి క్యాలెండర్ తెలియాల్సిన పని కూడా లేదు. చాలా ఫోన్లలో అది ఒట్టి సెకన్ల లెక్కే. లోకమంతా ఒప్పుకున్న పద్ధతిలో, 1970 జనవరి 1 అర్ధరాత్రి గ్రీనిచ్ వేళ నుంచి సెకన్లు లెక్కిస్తారు. 2025 సంక్రాంతి రోజు, జనవరి 14న, మన వేళ ప్రకారం తెల్లవారుజామున మూడు గంటలు అంటే ఆ లెక్కలో 1,73,68,03,800. ముగ్గుకు తొందరగా లేవాలని ఎవరైనా పెట్టుకున్న అలారం ఫోను అడుగున ఇలాంటి ఒక అంకెగా దిగుతుంది. శుభం, పండగ, ముగ్గు, ఏదీ దానికి తెలీదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఒక ఫోనులో డజన్ల కొద్దీ యాప్‌లు ఉంటాయి. ఒక యాప్ రెండింటికి లేపమంటుంది, మరోటి పావుగంటకోసారి మెయిల్ చూడాలంటుంది, ఇంకోటి అర్ధరాత్రి బ్యాకప్ అంటుంది. ఆర్‌టీసీలో లేపే వేళ రాసుకునే గడి మాత్రం సాధారణంగా ఒక్కటే. కాబట్టి సిస్టమ్ అందరి కోరికలనూ వేళల వరసలో పేర్చుకుని, పడుకోబోయే ముందు అన్నిటికన్నా ముందున్న ఒక్కదాన్నే ఆ గడిలో రాస్తుంది. అది అయ్యాక లేచి, పని ముగించి, తర్వాతి దాన్ని రాసి మళ్లీ పడుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉండే లినక్స్‌లో ఈ ఏర్పాటు 2011లో చేరింది. అందులో నాకు ముచ్చటగా అనిపించే వరస ఒకటుంది. పడుకోబోతూ చూసుకుంటే మొదటి అలారం రెండు సెకన్లలోపే ఉందనుకోండి, సిస్టమ్ అసలు పడుకోవడానికే ఒప్పుకోదు. పడుకోవడం, లేవడం కలిపి అంతకన్నా ఎక్కువ సేపు పట్టొచ్చు. కునుకు పట్టేలోపే వేళ దాటిపోతే కాపలా మనిషి తట్టిన తట్టు ఎవరికీ వినపడదు.

లేవడం వెనక పని కూడా చిన్నది కాదు. అంకెలు కలవగానే కరెంటు చిప్ ప్రాసెసర్‌కు సంకేతం ఇస్తుంది. ప్రాసెసర్ లేచి ర్యామ్ బాధ్యత తిరిగి తీసుకుంటుంది. ఎంతసేపు పడుకున్నానో దానికి తెలీదు. పడుకోబోతూ రాసిపెట్టుకున్న ఆర్‌టీసీ అంకెను ఇప్పటి అంకె నుంచి తీసేసి ఆ తేడాను తన గడియారానికి కలుపుకుంటుంది. ఆపై బిగించిన ప్రోగ్రాములను విప్పి, అలారం పెట్టిన యాప్‌కు కబురు పంపుతుంది. కబురు అందేంతవరకు ‘ఇంకా పడుకోవద్దు’ అని ఒక పట్టు పట్టుకుంటుంది. ఇంజనీర్లు దీన్ని వేక్‌లాక్ అంటారు. కబురు అందింది, పట్టు వదిలింది. ఆ క్షణానికి యాప్ తన సొంత పట్టు పట్టుకోకపోతే? ఫోను తిరిగి నిద్రలోకి జారుకోవచ్చు, మోగాల్సిన పాట మోగకుండానే. ‘నేను అలారం పెట్టానండీ, అది మోగలేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్నిటి వెనక ఉన్నది ఈ సెకను పాటి సందే. ఈ వేక్‌లాకుల మీద 2010 ప్రాంతంలో గూగుల్ ఇంజనీర్లకూ లినక్స్ పెద్దలకూ పెద్ద రగడే జరిగింది. రెండేళ్లకు గాని రాజీ కుదరలేదు.

ఇక సముద్రం మీదికి పోదాం, అక్కడ ఇంకో మెలకువ కథ ఉంది.

ఫోను సస్పెండ్‌లో ఉన్నా కాల్ వస్తే మోగుతుంది కదా. అది ఆర్‌టీసీ చలవ కాదు. ఫోనులో ప్రధాన ప్రాసెసర్ కాకుండా మోడెమ్ అనే రెండో కంప్యూటరొకటి ఉంటుంది. అది టవర్‌తో ఒక ఒప్పందం చేసుకుంటుంది. 4జీలో సాధారణంగా 1.28 సెకన్లకోసారి కొన్ని మిల్లీసెకన్లు చెవి ఒగ్గి ‘నాకేమైనా ఉందా’ అని విని, లేకపోతే మళ్లీ పడుకుంటుంది. టవర్ కూడా ఆ క్షణంలోనే పిలుస్తుంది. తనకు పిలుపు వచ్చిందని తేలితేనే మోడెమ్ పెద్ద ప్రాసెసర్‌ను లేపుతుంది. రాత్రంతా ఫోను పక్కన పడేస్తే తెల్లారేసరికి చార్జింగ్ కొంతే తగ్గడానికి కారణం ఈ కునుకులే.

తీరం వదిలి పది, పన్నెండు కిలోమీటర్లు పోతే ఒప్పందానికి అవతల పక్షమే ఉండదు. టవర్ అందదు. మోడెమ్ ఊరుకోదు, వెతుకుతుంది. ఒక్కో ఫ్రీక్వెన్సీ మీదా చెవి పెట్టి, దొరక్క, కాసేపాగి మళ్లీ మొదలుపెడుతుంది. మైపాడు దగ్గర ఒడ్డున రెండు రోజులు వచ్చే చార్జింగ్ నడిసముద్రంలో ఒక్క రోజుకు చాలకపోవడం అందుకే. వేటకు పోయినవాళ్లు ఫోను స్విచాఫ్ చేసి ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచుకోవడం అర్థం చేసుకోదగ్గదే. కానీ అలారం కావాలంటే దానికన్నా ఫ్లైట్ మోడ్ మేలు. ఫ్లైట్ మోడ్‌లో మోడెమ్ లాంటి రేడియో భాగాలే పడుకుంటాయి. ర్యామ్ బతికే ఉంటుంది, అలారాల వరస చెక్కు చెదరదు, జీపీఎస్ కూడా చాలా ఫోన్లలో పనిచేస్తుంది. లెక్క వేసుకుందాం: 5,000 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీ, పడుకున్న ఫోను సగటున 5 మిల్లీఆంపియర్లు తాగితే వెయ్యి గంటలు, నలభై రోజుల పైమాటే. నిజ జీవితంలో అంత రాదు గాని మూడు రోజుల వేటకు సరిపోను వస్తుంది.

టవర్ అందని చోటికి కబురు చేర్చడానికి హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2019 అక్టోబరులో జెమిని అనే పెట్టెను తెచ్చింది. గగన్ ఉపగ్రహాల నుంచి తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే తావుల సమాచారం అందుకుని బ్లూటూత్ మీదుగా ఫోనుకు పంపుతుంది. పెట్టె ఎంత మెలకువగా ఉన్నా హెచ్చరిక మనిషికి చేరాలంటే ఫోను కూడా వినే స్థితిలో ఉండాలి. స్విచాఫ్ చేసి కవరులో చుట్టిన ఫోనుకు ఏ ఉపగ్రహమూ ఏమీ చెప్పలేదు.

తుపాను రాత్రి ఒడ్డున ఉన్నవాళ్లకు మాత్రం ఫ్లైట్ మోడ్ మేలన్న నా మాట తిరగబడుతుంది. 2023లో దేశమంతటా ఫోన్లు ఒక్కసారిగా పెద్ద కూతతో మోగి పరీక్షా సందేశాలు చూపించాయి, గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఒక్కొక్క నంబరుకు పంపే ఎస్ఎంఎస్ కాదు. టవర్ తన పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి చెప్పేస్తుంది. సస్పెండ్‌లో ఉన్న ఫోను మోడెమ్ చెవికి అది వినబడుతుంది. స్విచాఫ్ చేసిన ఫోనుకూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టిన ఫోనుకూ వినబడదు. ఆ ఏడాదే డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను తీరం దాటింది. దానికి ముందు నెల్లూరు జిల్లాను వాన ముంచెత్తింది, చాలాచోట్ల కరెంటు పోయింది. అలాంటి రాత్రి చార్జింగ్ మిగుల్చుకోవాలని ఫోను ఆపేయడం సహజమైన ఆలోచనే, కానీ తప్పు ఆలోచన. డేటా ఆపండి, తెర వెలుగు తగ్గించండి, ఫోనును మాత్రం పడుకోనివ్వండి, చంపకండి.

మళ్లీ గుంటల దగ్గరికొస్తే, ఈ మధ్య ఏరేటర్ల స్టార్టర్లకు సిమ్ పెట్టెలు వచ్చాయి. కరెంటు పోతే పెట్టెలోని చిన్న బ్యాటరీతో అది ఆసామికి ఫోన్ చేస్తుంది. కొన్నిటికి యాప్ కూడా ఉంటుంది. ఎవరైనా నన్నడిగితే కాల్ చేసే పెట్టెనే కొనుక్కోమంటాను, యాప్‌ను నమ్ముకోవద్దంటాను. కారణం 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ అనే ఏర్పాటు. ఫోను చార్జింగ్‌లో లేకుండా, తెర ఆరి, కదలకుండా కొంతసేపు పడి ఉంటే అది డోజ్‌లోకి పోతుంది. అప్పుడు యాప్‌లకు ఇంటర్నెట్ ఆగిపోతుంది. అవి పెట్టుకున్న మామూలు అలారాలను సిస్టమ్ పక్కన పెట్టి, అప్పుడప్పుడు తెరిచే చిన్న కిటికీ వేళలో అన్నిటినీ కలిపి వదులుతుంది. రాత్రి గడిచేకొద్దీ ఆ కిటికీల మధ్య ఎడం పెరుగుతుంది. చార్జింగ్ లేకుండా, కదలకుండా, తెర ఆరి ఉండటమంటే ఏమిటి? మంచం పక్కన రాత్రి రెండు గంటలప్పుడు ఉండే ఫోనే కదా! అంటే మనకు హెచ్చరిక అన్నిటికన్నా అవసరమైన గంటలోనే ఫోను అన్నిటికన్నా గాఢంగా నిద్రపోతుంది. కాల్‌కు ఈ అడ్డు లేదు. అది మోడెమ్ దారిలో వస్తుంది.

గడియారం యాప్ అలారాలకూ డోజ్ అడ్డు రాదు. మనిషి చేత్తో పెట్టుకున్న అలారమని యాప్ ప్రకటించుకుంటే సిస్టమ్ ఆ వేళకు కాస్త ముందే డోజ్ నుంచి బయటికొస్తుంది. డోజ్‌లోనూ మోగగల ఇంకో రకం అలారం కూడా ఉంది గాని దాన్ని ఒక్కో యాప్ తొమ్మిది నిమిషాలకు ఒకటి మించి వాడుకోలేదు. కచ్చితమైన వేళకు లేపాలంటే 2021 నుంచి యాప్‌లు ప్రత్యేక అనుమతి అడగాల్సి వస్తోంది. ఇదంతా గూగుల్ రాసుకున్న నియమం. కొందరు ఫోన్ తయారీదారులు దాని మీద తమ సొంత బ్యాటరీ పొదుపు పెట్టి, వాడకం తక్కువున్న యాప్‌లను అడక్కుండానే ఆపేస్తారు. బ్యాటరీ రెండు రోజులు వస్తుందని పెట్టె మీద అచ్చువేయడానికి అది పనికొస్తుంది. ఎవరి అలారం మోగలేదో పెట్టె మీద అచ్చువేయరు. పొదుపు మంచిదే, కాని మెలకువగా ఉండాలో వద్దో అన్న నిర్ణయం ఫోను అమ్మినవాడిది కాకూడదు. సెట్టింగుల్లో బ్యాటరీ భాగంలో ఆ యాప్‌కు పొదుపు వర్తించకుండా చేసుకునే వీలు సాధారణంగా ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

ఈ తీరంలోనే దక్షిణాన, పులికాట్ అంచున శ్రీహరికోట ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అది తిరుపతి జిల్లాలోకి పోయింది గాని మా వాడుకలో ఇంకా నెల్లూరు తీరమే. అక్కడినుంచి ఎగిరినవాటికి కూడా నిద్ర, మెలకువల సమస్యే, కాకపోతే పోయి లేపే మనిషి ఉండడు. 2013 నవంబరు 5న బయల్దేరిన మంగళయాన్ పెద్ద ఇంజను దారిలో దాదాపు 300 రోజులు పనిలేకుండా పడుంది. 2014 సెప్టెంబరు 22న దాన్ని 4 సెకన్లు మండించి చూశారు, లేచింది. 24న కక్ష్యలోకి తిప్పాల్సిన గంటలో నౌక అంగారకుడి చాటుకు పోతుంది, భూమి నుంచి మాట అందదు. అందుకే ఏ క్షణాన ఏం చేయాలో వేళలతో సహా ముందే పంపి ఉంచారు. నౌకలోని గడియారం ఆ అంకెలను చేరినప్పుడు పనులు వాటంతటవే జరిగాయి.

చంద్రుడి మీద దిగిన విక్రమ్ సంగతి వేరు. 2023 జులై 14న శ్రీహరికోటలో లేచి, ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3, పద్నాలుగు రోజుల చంద్రుడి పగలు ముగిసేముందు పడుకుంది. సెప్టెంబరు 2న రోవర్ ప్రజ్ఞాన్‌ను, 4న ల్యాండర్ విక్రమ్‌ను నిద్రపుచ్చారు. బ్యాటరీలు నిండుగా, రిసీవర్లు ఆన్‌లో, ప్రజ్ఞాన్ సౌర ఫలకం మళ్లీ పొద్దు పొడిచే దిక్కుకు తిప్పి పెట్టారు. అక్కడ అలారం గడియారం కాదు, సూర్యుడు. సెప్టెంబరు 22న పిలిచి చూశారు, బదులు రాలేదు. అలారం మోగలేదని కాదు. చంద్రుడి రాత్రి చలికి బ్యాటరీలు, సర్క్యూట్లు తట్టుకునేలా కట్టినవి కావు. ఒక్క పగలు పనిచేయడమే వాటికి ఇచ్చిన పని, లేస్తే అదనపు లాభం అనుకున్నారు. లేపే సంకేతం వచ్చినా లేచే శక్తి మిగలాలి, స్విచాఫ్ అయిన ఫోనుకైనా ఇదే నియమం.

లేవడానికి పట్టే సమయం సంగతి యూరప్ వాళ్ల అంతరిక్ష నౌక రొసెట్టా చూపించింది. 2011 జూన్‌లో పడుకున్న ఆ నౌక 2014 జనవరి 20న మన వేళ మధ్యాహ్నం మూడున్నరకు లేవాలని అలారం పెట్టుకుంది. మాట భూమికి చేరింది రాత్రి 11:48కి. మధ్యలో కాంతి ప్రయాణానికి పట్టింది ముప్పావు గంటే. మిగతాదాంట్లో చాలావరకు పరికరాలు వెచ్చబెట్టుకోవడం, దిక్కు తెలుసుకోవడం.

అలా లేవడానికి పట్టే ఆలస్యమే ఇప్పటి ఫోన్లలో స్విచాఫ్ అలారానికి గొడ్డలిపెట్టయింది. నోకియా బటన్ ఫోన్లలో ఈ సమస్య ఉండేది కాదు. స్విచాఫ్ చేసి పడుకున్నా వేళకు తనంతట తానే వెలిగి మోగేది. అలారం ఆపితే ‘కాల్స్ కోసం ఫోను ఆన్ చేయమంటారా’ అని అడిగేది, వద్దంటే మళ్లీ ఆరిపోయేది. దాని సిస్టమ్ చిన్నది, తేలిగ్గా లేచేది. స్మార్ట్ ఫోను స్విచాఫ్ నుంచి లేవాలంటే లక్షల వరసల ప్రోగ్రాము ఎక్కించుకోవాలి. మూడింటికి మోగాలంటే అంతకుముందే లేపాలి. లేచినా లోపలి ఫైళ్లన్నీ తాళం వేసి ఉంటాయి, మీరు పాస్‌వర్డ్ కొట్టేదాకా తెరుచుకోవు. ఏ అలారం ఎప్పుడో ఆ తాళం లోపలే ఉంటే ఏం చేస్తుంది? పైగా ఆండ్రాయిడ్‌లో స్విచాఫ్ అవగానే యాప్‌లు పెట్టుకున్న అలారాల వరస చెరిగిపోతుంది. మళ్లీ ఆన్ అయ్యాక ప్రతి యాప్ గుర్తుపెట్టుకుని తిరిగి పెట్టుకోవాలి. తాళం తీయకముందే గడియారం లాంటి కొన్ని యాప్‌లు పనిచేసే వీలును 2016లో ఆండ్రాయిడ్ 7 ఇచ్చింది. అర్ధరాత్రి అప్‌డేట్ వచ్చి ఫోను తనంతట తాను ఆగి లేచినా పొద్దున అలారం మోగడం ఆ ఏర్పాటు వల్లే.

ఐఫోను స్విచాఫ్‌లో మోగదు. ఆండ్రాయిడ్‌లలో కొన్ని కంపెనీలవి మోగుతాయి, కొన్ని మోగవు. ఒకే కంపెనీ ఫోన్లలో కూడా చిప్‌ను బట్టి, ఫోను అసలు గడియారం యాప్ వాడుతున్నారా, ప్లే స్టోర్ నుంచి దించుకున్నదా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఆర్‌టీసీ అన్నిటిలోనూ ఉంది, గడి ఉంది, లేపే తీగ ఉంది. దాన్ని వాడుకోవాలని రాసినవాళ్లు అనుకున్నారా లేదా అన్నదే తేడా. కొనేముందు అంగడివాణ్ని అడిగితే ఔననే అంటాడు. పరీక్ష మీరే చేసుకోవచ్చు: ఫోనుతో వచ్చిన గడియారంలో పది నిమిషాల తర్వాతికి అలారం పెట్టి, ఫ్లైట్ మోడ్ కాదు, పూర్తిగా స్విచాఫ్ చేసి, బల్ల మీద పెట్టి చూడండి. వేళకు కాస్త ముందే తెర మీద కంపెనీ గుర్తు కనిపిస్తే ఆ ఫోను మోగుతుంది. నల్లగానే ఉండిపోతే, వేటకైనా గుంట కాడికైనా దాన్ని ఆపకుండా పడుకోబెట్టి తీసుకెళ్లాలి.